‘ఇన్’ అన్నిచోట్లా ‘కాదు’ అని చెప్పదు: ఇంగ్లీషు పదాలపై అపోహలు - వాస్తవాలు

పెద్దవాళ్లకు ఇంగ్లీషు బోధించడం నా వృత్తి. రెండు పదాల్లో కొన్ని అక్షరాలు ఒకేలా కనిపిస్తే వాటి అర్థాలు కూడా చుట్టాలే అయివుంటాయన్న నమ్మకం ప్రతి తరగతిలోనూ నాకు ఎదురవుతుంది. ఉపసర్గల (పదం ముందు చేరి అర్థాన్ని మార్చే ముక్కల) పట్టికలను బట్టీ పట్టినవారిలో అది మరీ బలంగా ఉంటుంది. ఆ పట్టికలు పనికిరావని నేను అనను, నేనూ వాటితోనే నేర్చుకున్నాను. అయితే ఒక్కో వరుసకు ఒక్కటే అర్థం రాసి వదిలేసిన పట్టిక చేసే చెరుపు చిన్నది కాదు.

అపోహ: ‘ఇన్’తో మొదలైన పదం వ్యతిరేకార్థాన్నే ఇస్తుంది.

వాస్తవం: ఒకే అక్షరాలున్న రెండు వేర్వేరు ఉపసర్గలు లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చాయి. ఒకటి ‘కాదు, లేదు’ అని చెబుతుంది. మరొకటి ‘లోపల, లోపలికి, మీద’ అని చెబుతుంది. ‘ఇన్‌కరెక్ట్’లో ఉన్నది మొదటిది, ‘ఇన్‌హేల్’లో ఉన్నది రెండోది. ఈ తేడా తెలియకపోతే పరీక్షలో ఒక మార్కు పోవడంతో సరిపోదు. నా దగ్గర చదువుకున్న ఒకాయన తన పనిచోట వెల్డింగ్ జరిగే మూలకు దగ్గరగా థిన్నర్ డబ్బా పెట్టుకున్నాడు. ఎందుకలా పెట్టావని అడిగితే, డబ్బా మీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉంది కాబట్టి అది అంటుకోదని ఎంతో నమ్మకంగా చెప్పాడు. ఆ రోజు నాకు కలిగిన భయం ఇప్పటికీ పోలేదు. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే సులభంగా మంట అంటుకునేది అని అర్థం. ‘ఫ్లేమబుల్’ అన్నా అదే అర్థం. అంటుకోనిదాన్ని ‘నాన్‌ఫ్లేమబుల్’ అంటారు. ఈ గందరగోళం ప్రాణాల మీదికి తెస్తుందనే అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 1920లలోనే ‘ఫ్లేమబుల్’ అనే రూపాన్ని వాడమని కోరింది. అయినా పాత మాట పూర్తిగా పోలేదు కాబట్టి రెండూ తెలిసి ఉండాలి. గుర్తు పెట్టుకోవడానికి నేను చెప్పే ఆధారం ‘ఇన్‌ఫ్లమేషన్’. డాక్టర్లు వాపుకూ మంటకూ వాడే ఆ మాట కూడా ‘నిప్పు రాజేయడం’ అనే అర్థమున్న అదే లాటిన్ క్రియ నుంచి పుట్టింది.

తరువాతి అక్షరాన్ని బట్టి రూపం మార్చుకోవడంలో కూడా ఈ రెండు ఉపసర్గలు ఒకేలా నడుస్తాయి. అందుకే ‘ఇల్లీగల్’ పక్కన ‘ఇల్యూమినేట్’ (వెలుగు నింపడం), ‘ఇంపాసిబుల్’ పక్కన ‘ఇంపోర్ట్’, ‘ఇర్రెగ్యులర్’ పక్కన ‘ఇర్రిగేట్’ (నీరు పారించడం) కనిపిస్తాయి. ప్రతి జంటలోనూ మొదటిది కాదంటుంది, రెండోది లోపలికో మీదికో చేరుస్తుంది. ఆ మాట క్రియ అయితే, లేదా క్రియ నుంచి వచ్చిందైతే, చాలావరకు రెండో అర్థమే ఉంటుంది. ‘ఇన్‌వాలిడేట్’ (చెల్లకుండా చేయడం) లాగా విశేషణం నుంచి పుట్టిన క్రియలు మాత్రం ఇందుకు మినహాయింపు. నిజంగా ‘కాదు’ అని చెప్పేచోట కూడా అది దేన్ని కాదంటోందో చూడాలి. ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువ లేనిది అనుకుని, తనకు వచ్చిన సిఫారసు లేఖలో ఆ మాట చూసి రాత్రంతా బాధపడిన అమ్మాయి నాకు తెలుసు. మన ‘అమూల్యం’లో ‘అ’ చేసే పనినే అక్కడ ‘ఇన్’ చేస్తోందని, అది వెల కట్టలేనిదని చెప్పే మాట అని వివరించాక గానీ ఆమె మనసు కుదుటపడలేదు. ‘ఇన్‌ఫేమస్’ అంటే పేరు లేనివాడు కాదు, చెడ్డపేరు మోసినవాడు.

అపోహ: ‘పెడ్’ కనిపిస్తే పాదం.

వాస్తవం: ‘పెడల్’, ‘పెడెస్ట్రియన్’ పదాల్లో ఉన్నది పాదం అనే లాటిన్ మాట. పిల్లల వైద్యమైన ‘పీడియాట్రిక్స్’లో ఉన్నది బిడ్డ అనే గ్రీకు మాట. నేలల అధ్యయనమైన ‘పెడాలజీ’లో ఉన్నది నేల అనే మరో గ్రీకు మాట. ‘ఆర్థోపెడిక్స్’ పాదానికో ఎముకకో సంబంధించిన పదమని చాలామంది అనుకుంటారు, కానీ అందులో కూడా ఉన్నది బిడ్డే. ఫ్రెంచ్ వైద్యుడు నికోలా ఆంద్రీ 1741లో పిల్లల శరీరంలోని వంకరలను సరిచేసే విద్య కోసం ఆ మాటను కూర్చాడు.

ఇక చేతి నుంచి చేతికి తిరిగే సందేశాల సంగతి. ‘న్యూస్’ నాలుగు దిక్కుల ఇంగ్లీషు పేర్ల పొడి అక్షరాల కూర్పు కాదు, ‘న్యూ’ నుంచి వచ్చిన మాట. ‘హిస్టరీ’లో ‘హిజ్’ లేదు, అది గ్రీకు పదం. ‘ఫీమేల్’ పదం ‘మేల్’ నుంచి పుట్టలేదు. దాని ఫ్రెంచ్ మూలం ‘ఫెమెల్’ కాగా, ‘మేల్’ను చూసి స్పెల్లింగు మార్చారు. ‘లిజన్’, ‘సైలెంట్’ రెండింటిలోనూ అవే అక్షరాలున్నాయి కాబట్టి వినడానికి మౌనం కావాలని భాషే చెబుతోందన్న సందేశం నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఒకటి పాత ఇంగ్లీషు మాట, మరొకటి లాటిన్ మాట. పైగా ‘లిజన్’ స్పెల్లింగులోని పలకని ‘టీ’ పాత రూపంలో లేదు, తరువాత చేరింది. దయచేసి ఇలాంటివాటిని పిల్లలకు పాఠంగా చెప్పకండి.

అక్షరాల పోలికలో నిజం అసలే లేదని కాదు. ‘గ్లో’, ‘గ్లీమ్’, ‘గ్లిటర్’, ‘గ్లిమర్’ అన్నీ మెరుపును చెబుతాయి. భాషాశాస్త్రవేత్త జె. ఆర్. ఫర్త్ 1930లో ఇలాంటి ధ్వనులకు ‘ఫోనెస్థీమ్’ అని పేరు పెట్టారు. కానీ ‘గ్లవ్’, ‘గ్లూ’ మెరవవు. అది ఒక మొగ్గు మాత్రమే, నియమం కాదు.

సిఫారసు లేఖ చూసి బాధపడిన అమ్మాయి, తన జ్ఞాపకశక్తిలోనే లోపముందని భయపడుతూ ఉండేది. లోపం ఆమెలో లేదు, ఆమె చేతికిచ్చిన పట్టికలో ఉంది. కొత్త పదం ఎదురైనప్పుడల్లా నిఘంటువులో దాని పుట్టుక రాసిన వరుసను కూడా చదవమన్నాను. కొన్ని వారాలకు ఆమే నాకొక సంగతి చెప్పింది. ‘పెన్’ ఈక అనే లాటిన్ మాట నుంచి వచ్చిందట, ‘పెన్సిల్’తో దానికి చుట్టరికమే లేదట. ‘పెన్సిల్’ మూలం కుంచె అనే అర్థమున్న ‘పెనిసిల్లస్’. సూక్ష్మదర్శినిలో కుంచెలా కనిపించే బూజుకు ‘పెనిసిలియం’ అని పేరు వచ్చింది, ఆ బూజు నుంచి వచ్చిన మందుకు 1929లో ఫ్లెమింగ్ పెట్టిన పేరు పెనిసిలిన్.