చప్పుడు చెయ్యని కార్ల గురించి

పెద్దోడికీ, చిన్నమ్మకీ,

మొన్న ఫోన్లో మీ ఇద్దరి గొడవ విని చాలాసేపు నవ్వుకున్నాను. కారంటే బెంజేనని పెద్దోడు. పెట్రోలు కార్ల పని అయిపోయింది, ఇంక ఆ నక్షత్రం గుర్తు ఎవరిక్కావాలని చిన్నమ్మ. చివరికి నన్ను తీర్పు చెప్పమన్నారు. ఫోన్లో అయితే ఒక్క మాట కూడా పూర్తి చెయ్యనివ్వరు కదా, అందుకే ఉత్తరం.

ముందే ఒకటి ఒప్పుకుంటాను. మీ వయసులో నేను కళ్లు మూసుకుని, ఇంజన్ చప్పుడు విని, వచ్చేది ఏ కారో చెప్పేవాణ్ణి. ఆ పిచ్చి ఇంకా వదల్లేదు. కాబట్టి మనసు పెట్రోలు వైపే లాగుతుంది. అయినా ఈ గొడవలో చిన్నమ్మ వైపే బలం ఎక్కువుంది. పెద్దోడా, మూతి ముడుచుకోకు, నీకూ కొంత మిగులుతుంది.

ఖరీదైన కారు కొనేవాళ్లు దేనికి డబ్బిస్తున్నారు? తోలు సీట్లు, చెక్క పని ఎవరైనా పెట్టగలరు. వందేళ్ల పాటు ఆ కంపెనీలు అసలు అమ్మింది నిశ్శబ్దాన్ని. 1907లో రోల్స్ రాయిస్‌కి పేరు తెచ్చిన కారు పేరే సిల్వర్ ఘోస్ట్, అంటే వెండి దయ్యం. దయ్యంలా అలికిడి లేకుండా వస్తుందని ఆ పేరు. 1958లో వాళ్ల ప్రకటన ఒకటి చాలా పేరు తెచ్చుకుంది. గంటకు 60 మైళ్ల వేగంలో వెళ్తున్నప్పుడు ఆ కారులో అన్నిటికన్నా గట్టిగా వినిపించేది గడియారం చప్పుడేనట!

ఆ నిశ్శబ్దం ఊరికే రాలేదు. పెట్రోలు ఇంజన్ అంటే వరసగా జరిగే పేలుళ్లు. నాలుగు సిలిండర్ల (అంటే పేలుళ్లు జరిగే గొట్టాలు నాలుగున్న) ఇంజన్లో, ఆ పేలుళ్లకు తిరిగే ఇరుసు, క్రాంక్ షాఫ్ట్, ఒక చుట్టు తిరిగేసరికి రెండు పేలుళ్లు జరుగుతాయి. ఒకటి నెట్టాక రెండోది అందుకునే లోపు ఉండే వెలితే మనకు కుదుపుగా తెలుస్తుంది. పన్నెండు సిలిండర్లుంటే అదే చుట్టులో ఆరు పేలుళ్లు. ఒక దాని ఊపు తగ్గేలోపే ఇంకోటి అందుకుంటుంది. పెద్ద కార్లకు పెద్ద ఇంజన్లు వేగం కోసమే అనుకుంటారు చాలామంది. సగం కారణం ఈ నున్నదనమే. 1989లో టొయోటా వాళ్లు లెక్సస్ పేరుతో ఎల్ఎస్ 400 తెచ్చినప్పుడు కూడా పోటీ పడింది ఇక్కడే. కారును రోలర్ల మీద నిలబెట్టి, బానెట్ మీద షాంపేన్ గ్లాసులు గోపురంలా పేర్చి, చక్రాలు విపరీతమైన వేగంతో తిప్పారు. ఒక్క గ్లాసూ పడలేదు. టీవీలో ఆ ప్రకటన చూసి జర్మనీ కంపెనీలు ఉలిక్కిపడే ఉంటాయి.

ఇప్పుడు ఎలక్ట్రిక్ మోటారు సంగతి చూడండి. అందులో పేలుళ్లే లేవు. గేర్లు మారే కుదుపూ లేదు, దాదాపు అన్ని ఎలక్ట్రిక్ కార్లకూ ఒక్కటే గేరు. కాలు నొక్కీ నొక్కగానే మొత్తం పికప్ చేతికొస్తుంది. పన్నెండు సిలిండర్లతో తంటాలు పడి సాధించినది మామూలు ఎలక్ట్రిక్ కారుకు పుట్టుకతోనే వచ్చేసింది. బెంజి లాంటి వాళ్ల అసలు టెన్షన్ ఇదేనని నా అనుమానం. ఇన్నాళ్లూ తాము ఖరీదు కట్టి అమ్ముకున్న సరుకు ఇప్పుడు అందరి దగ్గరా దొరుకుతోంది.

ఇంకో తమాషా. రోల్స్ రాయిస్ పుట్టక ముందే, 1900లో, చార్లెస్ రోల్స్ ఎలక్ట్రిక్ కార్లను తెగ మెచ్చుకున్నాడు. చప్పుడు లేదు, వాసన లేదు, అదురు లేదు, ఛార్జింగ్ చేసుకోవడానికి స్టేషన్లు వస్తే చాలా పనికొస్తాయి అన్నాడు. ఆయన పేరున్న కంపెనీ తన మొదటి ఎలక్ట్రిక్ కారు స్పెక్టర్‌ను కొన్నవాళ్ల చేతికి ఇచ్చింది 2023లో!

ఎలక్ట్రిక్ కారు కొత్తదేమీ కాదని మీకీపాటికి అర్థమై ఉండాలి. గంటకు 100 కిలోమీటర్లు దాటిన మొట్టమొదటి కారు ఎలక్ట్రిక్కే. 1899లో కమీల్ జెనాట్సీ అనే బెల్జియం ఆయన నడిపాడు. మరి ఎందుకు వెనకబడింది? సీసం బ్యాటరీలు మహా బరువు, పోయేది కొంత దూరమే. పెట్రోలు కారుకేమో స్టార్ట్ చెయ్యడానికి ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ బిగించారు. అంటే ఎలక్ట్రిక్ కారును రోడ్డు మీంచి తప్పించడానికి ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారే సాయం పట్టిందన్నమాట. మిగతా పని ఫోర్డ్ మోడల్ టి చేసింది. 1908లో 850 డాలర్లున్న దాని ధర 1920ల నడుమకి 300 లోపుకు దిగింది.

చిన్నమ్మా, ఇంక నీ వంతు. కిలో పెట్రోలులో సుమారు 12 యూనిట్ల (కరెంటు బిల్లులో రాసే యూనిట్లే) శక్తి ఉంటుంది. కారు బ్యాటరీ ప్యాక్‌లో కిలోకి 0.2 యూనిట్లు కూడా కష్టమే. పెట్రోలు ఇంజన్ తాగిన దానిలో చాలా భాగం వేడిగా పారబోస్తుంది, మోటారు అలా దండగ చెయ్యదు, అందుకే ఆ తేడా కొంత పూడుతుంది. కానీ బరువు మాత్రం తప్పదు. పెద్ద ఎలక్ట్రిక్ కార్లు రెండున్నర టన్నులు, కొన్ని అంతకన్నా ఎక్కువే తూగుతున్నాయి. 2024లో వచ్చిన బిఎండబ్ల్యూ ఎం5 ఇంజనూ మోటారూ రెండూ మోసే హైబ్రిడ్, అదీ 2,400 కిలోలు దాటింది. ముందుకు తీసే పరుగు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. మలుపులో మాత్రం నాకు ఏనుగును స్కేట్లెక్కించినట్టే ఉంటుంది. టైర్లూ త్వరగా అరుగుతాయి.

బ్యాటరీ ధర సంగతి ఇంకో రకం. ఒక యూనిట్ కరెంటు పట్టే బ్యాటరీ 2010లో 1,000 డాలర్ల పైన ఉన్నది 2024కి 115 దగ్గరికి వచ్చింది. కొనబోయేవాళ్లకు పండగే. నిన్న కొన్నవాళ్లకో? వచ్చే ఏడాది అంతకన్నా ఎక్కువ రేంజ్ (ఒక్క ఛార్జితో పోయే దూరం) ఉన్నది తక్కువ ధరకు వస్తుంది, పాతదాన్ని ఎవరూ అడగరు. ఖరీదైన ఎలక్ట్రిక్ కార్ల రీసేల్ అంత వేగంగా పడిపోవడానికి పెద్ద కారణం ఇదే. అవి కార్లలా కాకుండా ఫోన్లలా పాతబడుతున్నాయి.

2024లో ప్రపంచమంతా కలిపి, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లతో (ఇంజనూ ఉండి, ప్లగ్గు పెట్టి ఛార్జి కూడా చేసుకునేవాటితో) సహా, కోటీ 70 లక్షలకు పైగా ఎలక్ట్రిక్ కార్లు అమ్ముడయ్యాయి. కొత్త కార్లలో ఐదింట ఒకటి కన్నా ఎక్కువ. నార్వేలో అయితే దాదాపు పదింట తొమ్మిది, అదీ పూర్తి ఎలక్ట్రిక్కే. అక్కడి ప్రభుత్వం ఏళ్ల తరబడి పెట్రోలు కార్ల మీద పన్నులు బాది, వీటికి మినహాయింపులిచ్చింది మరి. అదే ఏడాది మెర్సిడెస్, వోల్వో 2030 నాటికి పెట్టుకున్న ఎలక్ట్రిక్ లక్ష్యాల నుంచి వెనక్కి తగ్గాయి. కాబట్టి "రేపటికల్లా అన్నీ మారిపోతాయి" అని నువ్వనేది నేను నమ్మను. మార్పు ఒక్కోచోట ఒక్కో వేగంతో వస్తోంది.

చైనాలో మాత్రం పరుగే. 1995లో బ్యాటరీలు చేసుకుంటూ మొదలైన బివైడి ఇవాళ టెస్లాతో ఢీ అంటోంది. ఫోన్లు అమ్మే షావోమీ 2024లో కారు దించింది. పోర్షే అక్కడ 2021లో 95 వేల పైచిలుకు కార్లు అమ్మింది, 2024కి అది 57 వేల లోపుకు పడింది. గుర్తు మీద మోజు ఎంత త్వరగా దిగిపోతుందో చూశారా?

ఆ గుర్తు వెనక ఏముందో కూడా చూడాలి, పెద్దోడా. ఫోక్స్‌వాగన్ టౌరెగ్, పోర్షే కయెన్, బెంట్లీ బెంటేగా, లాంబోర్గిని ఉరుస్, నాలుగింటికీ అడుగున ప్లాట్‌ఫామ్, అంటే కారును నిలబెట్టే కింది కట్టు, ఒకటే. తయారుచేసే గ్రూపూ ఒకటే. ఒకప్పుడు నేనూ గుర్తు చూసే సెకండ్ హ్యాండ్‌లో ఒక పెద్ద కారు కొన్నాను, కంపెనీ పేరు వద్దులే. ఎయిర్ సస్పెన్షన్‌లో, అంటే స్ప్రింగుల బదులు కారును మోసే గాలి సంచుల్లో, గాలి కారిపోయి పొద్దున్నే ఒక పక్కకు ఒరిగి పడుకునేది. ఆ ఒక్క భాగం మార్చడానికి వేసిన బిల్లు చూసి మీ అమ్మమ్మ నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

నీకు మిగులుతుందన్నది ఫెరారీ. 2024లో వాళ్లు అమ్మింది 13,752 కార్లు, అంతే. అడిగినవాళ్లందరికీ ఇవ్వరు. నిశ్శబ్దం వాళ్ల సరుకెప్పుడూ కాదు, వాళ్లు అమ్మేది అరుపు. అందుకని మోటార్ల వల్ల వాళ్లకు అంత భయం లేదు. మధ్యలో ఉన్నవాళ్లకే ఇబ్బంది: హాయిగా, మెత్తగా, ఖరీదుగా ఉండటం తప్ప వేరే కథ లేనివాళ్లకు.

సెలవులకు వచ్చినప్పుడు మీకో పరీక్ష పెడతాను. స్నేహితుల దగ్గర రెండు ఎలక్ట్రిక్ కార్లు అడిగి తెస్తాను, ఒకటి ఖరీదైనది, ఇంకోటి మామూలుది. మీ కళ్లకు గంతలు కట్టి రెండింట్లోనూ తిప్పుతాను. ఏది ఏదో చెప్పాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెవులు కూడా మూస్తాను. తలుపు పడే చప్పుడు వింటే పెద్దోడు పట్టేస్తాడు. ఆ ఒక్క చప్పుడు బాగుండేలా చెయ్యడానికి వాళ్లింకా బోలెడు ఖర్చు పెడుతున్నారు.

ఇట్లు,
తాతయ్య