బ్యాక్‌స్పేస్ నొక్కితే టోపీ, హెచ్ ఎందుకు పడతాయి?

పాత సర్వర్‌లోకో, సీరియల్ కేబుల్ తగిలించి ఏదైనా నెట్‌వర్క్ స్విచ్‌లోకో లాగిన్ అయ్యి ఒక అక్షరం తప్పు కొట్టారనుకోండి. బ్యాక్‌స్పేస్ నొక్కుతారు. అక్షరం పోదు సరికదా, దాని పక్కన టోపీ గుర్తూ హెచ్ అక్షరమూ (^H) వచ్చి కూర్చుంటాయి. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే జంట. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పాస్‌వర్డ్ దగ్గర ఇలాగే మూడుసార్లు తప్పి అకౌంట్ లాక్ చేయించుకున్నాను. పాస్‌వర్డ్ తెర మీద కనబడదు కదా, దిద్దుతున్నాననుకుని నొక్కిన ప్రతి బ్యాక్‌స్పేసూ పాస్‌వర్డ్‌లో భాగంగా లోపలికి పోతోందని తెలియనే లేదు. పక్క టేబుల్ మీది కీబోర్డు తెచ్చి మార్చి కూడా చూశాను, అదో పిచ్చి.

కీబోర్డు తప్పేం లేదు. ఇది కాగితం టేపుల కాలం నాటి తగాదా.

ఆస్కీ ప్రమాణం, అంటే ఒక్కో అక్షరానికీ ఒక్కో నంబరు ఇచ్చే పట్టిక, 1963లో వచ్చింది. అందులో ఇప్పుడు మనం 'చెరపడం' అనే పనికి దగ్గరగా రెండు వేర్వేరు కోడ్‌లున్నాయి. 8వ నంబరు బ్యాక్‌స్పేస్: అచ్చుకొట్టే తలని ఒక గడి వెనక్కి జరపడం, అంతే. అది దేన్నీ చెరపదు, కొట్టిన అక్షరం మీదే మళ్ళీ కొట్టడానికి, కింద గీత గీయడానికి పనికొచ్చేది. 127వ నంబరు డిలీట్. టెలిటైప్‌లో, అంటే కాగితం మీద అచ్చుకొట్టే పాత యంత్రంలో, దీన్ని రబౌట్ అనేవాళ్ళు. ఈ నంబరే ఎందుకంటే, కాగితం టేపు మీద ఒక్కో అక్షరం ఒక్కో కన్నాల వరస, బిట్ ఒకటైతే కన్నం; ఒకసారి పొడిచిన కన్నాన్ని పూడ్చలేం, కానీ మిగిలిన కన్నాలన్నీ కూడా పొడిచేయొచ్చు. ఏడు బిట్లూ ఒకట్లయితే 127. అన్ని కన్నాలూ ఉన్న వరస కనిపిస్తే అక్కడ తప్పు పడింది, వదిలేసి ముందుకెళ్ళు అని అర్థం. నాకైతే మొత్తం ఆస్కీ పట్టికలో ఇంతకన్నా అందమైన కోడ్ లేదు.

మరి హెచ్ ఎక్కడిది? కంట్రోల్ కీ పట్టుకుని అక్షరం నొక్కితే దాని నంబరులోంచి 64 తగ్గుతుంది. హెచ్ 72, అందులోంచి 64 తీస్తే 8. కాబట్టి కంట్రోల్-హెచ్ అన్నా బ్యాక్‌స్పేస్ అన్నా యంత్రానికి ఒకటే. తెర మీద పడే టోపీ 'కంట్రోల్' అన్నదానికి పొట్టి గుర్తు. 127ని టోపీ పక్కన ప్రశ్నార్థకం పెట్టి చూపిస్తారు, ప్రశ్నార్థకం 63 కాబట్టి ఇక్కడ లెక్క తిరగబడి 64 కలుస్తుంది. ఐ 73, ట్యాబ్ 9: అందుకే టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే తెరలో) కంట్రోల్-ఐకి వేరే పని అప్పజెప్పాలని చూసినవాళ్ళకి ట్యాబ్ కూడా పాడవుతుంది.

యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి తొలినాళ్ళలో తెరలు లేవు, టెలిటైప్ కాగితమే. ఒక అక్షరం రద్దు చేయాలంటే # కొట్టాలి, లైను మొత్తం రద్దుకి @. ఇక 127 కొడితే నడుస్తున్న ప్రోగ్రామే ఆగిపోయేది! దిద్దుకుందామని రబౌట్ నొక్కితే పనంతా పోయేదన్నమాట. తర్వాత బర్క్‌లీ యూనిక్స్‌లో 'ఎస్‌టీటీవై డెక్' అనే ఆదేశం ఉండేది. డిజిటల్ (డెక్) కంపెనీ యంత్రాలకి అలవాటుపడినవాళ్ళ కోసం అది 127ని చెరపడానికి, కంట్రోల్-యూని లైను రద్దుకి, కంట్రోల్-సిని ఆపడానికి మార్చేది. ఈరోజు మనం లినక్స్‌లో కొట్టే కంట్రోల్-సి ఆ డిజిటల్ అలవాటే.

అదే డిజిటల్ 1978లో తెచ్చిన వీటీ100 టెర్మినల్‌లో బ్యాక్‌స్పేస్, డిలీట్ రెండూ వేర్వేరు కీలు, గొడవ లేదు. 1983 నాటి వీటీ220కి వచ్చేసరికి ప్రధాన కీల వరసలో చెరిపే కీ ఒక్కటే మిగిలింది, అది పంపేది 127. ఈలోగా 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో బ్యాక్‌స్పేస్ అంటే 8. అక్కడే దారులు చీలాయి. లినక్స్ నడిచేది పీసీ మీద, దాని కన్సోల్ అనుకరించేది డిజిటల్ టెర్మినళ్ళని. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ వాళ్ళు చివరికి తమ పాలసీలోనే రాసుకోవాల్సి వచ్చింది: బ్యాక్‌స్పేస్ ఎడమ అక్షరాన్ని, డిలీట్ కుడి అక్షరాన్ని చెరపాలి, ఈమాక్స్ ఎడిటర్‌లో కంట్రోల్-హెచ్ మాత్రం సహాయం కోసం ఉండాలి అని. 8 పంపే టెర్మినల్‌లో ఈమాక్స్ తెరిచి ఒక అక్షరం చెరపబోతే సహాయం అడుగుతున్నామనుకుంటుంది మరి.

మనం కీ నొక్కాక అది చాలా చేతులు మారుతుంది. కీబోర్డు పంపేది అక్షరం కాదు, ఉత్త కీ నంబరు. దాన్ని లేఅవుట్ పట్టిక (కన్సోల్‌లో లోడ్‌కీస్, గ్రాఫిక్స్‌లో ఎక్స్‌కేబీ) గుర్తుగా మారుస్తుంది, ఆ గుర్తుని టెర్మినల్ ప్రోగ్రాం బైట్లు చేసి పంపుతుంది, ఆ బైటు వస్తే ఏం చేయాలో అవతలి యంత్రపు కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలో) టెర్మినళ్ళని చూసుకునే టీటీవై అనే భాగం నిర్ణయిస్తుంది. మన గొడవ దాదాపు ఎప్పుడూ చివరి ఇద్దరి మధ్యే: ఇక్కడి నుంచి 8 వెళుతోంది, అక్కడ 127 కోసం కాచుకుని కూర్చున్నారు, లేదా తిరగేసి. లేఅవుట్ యూఎస్ నుంచి యూకేకి మార్చి చూసేవాళ్ళని చూస్తే జాలేస్తుంది, నేనూ చేశాను కాబట్టి. కంట్రోల్-వి కొట్టి వెంటనే బ్యాక్‌స్పేస్ నొక్కితే ఏది వెళుతోందో తెర మీదే కనబడుతుంది. 'ఎస్‌టీటీవై ఎరేజ్' (stty erase) అని టైప్ చేసి, పక్కనే అదే విధంగా కంట్రోల్-వి కొట్టి ఆ కీ ఇస్తే ఆ సెషన్‌కి కుదురుకుంటుంది. పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాం వాడేవాళ్ళకి సెట్టింగ్స్‌లోనే ఈ రెంటిలో ఏది పంపాలో ఎంచుకునే చోటుంది.

తెలుగు దగ్గర ఇంకో మెలిక. అన్ని భాషల అక్షరాల్నీ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి కోడ్‌కీ 3 బైట్లు. టీటీవైకి ఆ సంగతి తెలియకపోతే బ్యాక్‌స్పేస్‌కి ఒక్క బైటే తీసి, మిగతా రెండూ చెత్తగా వదిలేస్తుంది. దీని కోసమే 2004లో లినక్స్ కెర్నల్‌కి ఐయూటీఎఫ్8 అనే సెట్టింగ్ చేర్చారు. అది ఉన్నా పూర్తిగా తీరలేదు. మన కంటికి 'క్ష' ఒక్క అక్షరం, లోపల అది క, పొల్లు, ష కలిసి 9 బైట్లు. ఒక్కసారి నొక్కితే ష పోయి క్ మిగులుతుంది. ఆ మిగిలిన పొల్లుకి ఎన్ని గడులో తెలియక చాలా టెర్మినళ్ళు కర్సర్‌ని పక్కకి తోసేస్తాయి. దానికి ఎస్‌టీటీవైలో మందు లేదు.