సికిల్ సెల్ పేషెంట్‌కు రక్తం ఎక్కించాక: బ్లడ్ బ్యాంకులో రోజూ వినే అపోహలు

అపోహ: ఎక్కించేటప్పుడు చలి, దద్దుర్లు రాలేదు కాబట్టి ఇక రియాక్షన్ రాదు.

వెంటనే వచ్చేవాటిని నర్సు పక్కనే ఉండి కనిపెడుతుంది. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) వాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఆలస్యంగా వచ్చే రియాక్షన్, అంటే ఎక్కించిన రక్తకణాలను ఒళ్లే పగలగొట్టడం. ఇది మూడో రోజు నుంచి మూడు వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు. అప్పటికి పేషెంట్ డిశ్చార్జ్ అయి అచ్చంపేట దగ్గర తండాకో, దేవరకొండకో వెళ్లిపోయి ఉంటాడు. జ్వరం, ఒళ్లు నొప్పులు, పచ్చబడ్డ కళ్లు, డికాషన్ రంగులో మూత్రం. ఇంట్లోవాళ్లు మళ్లీ సికిల్ నొప్పులు లేచినయి అనుకుంటారు, లేదంటే కామెర్లని పసరు తాగిస్తారు, ఆ రెండు మూడు రోజుల్లోనే హిమోగ్లోబిన్ దిగిపోతుంది.

అపోహ: రక్తం తగ్గింది కదా, ఇంకో బాటిల్ ఎక్కిస్తే సరి.

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. హిమోగ్లోబిన్ 6 ఉన్న అబ్బాయికి రక్తం ఎక్కిస్తే 8 అయింది, పది రోజులకు 4కు పడింది అనుకోండి. ఎక్కించక ముందున్న దానికన్నా కిందికి పోయిందంటే దాత కణాలతో పాటు అతని సొంత కణాలూ పగులుతున్నాయని అనుమానించాలి, దీన్నే హైపర్‌హిమోలైసిస్ అంటారు. రెటిక్ కౌంట్ (కొత్తగా తయారవుతున్న ఎర్రకణాల లెక్క) కూడా పడిపోతే ఇంకా కష్టం. ఇప్పుడు మళ్లీ ఎక్కిస్తే అదీ పగులుతుంది, ఉన్నదీ పోవచ్చు. అందుకే ప్రాణం మీదికి వస్తే తప్ప రక్తం జోలికి పోకుండా ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు), స్టెరాయిడ్లు, ఎర్రకణాల తయారీని పెంచే ఎరిత్రోపోయిటిన్‌తో చూస్తారు, తగ్గకపోతే రోగనిరోధక దాడిని అణిచే రిటుక్సిమాబ్, ఎకులిజుమాబ్ మందుల దాకా వెళ్తారు. తప్పక ఎక్కించాల్సి వస్తే ఈ మందుల అండతోనే. 4 అన్న అంకె చూసి టెన్షన్ పడే డ్యూటీ డాక్టర్‌ను నేను తప్పుబట్టను, కానీ బాటిల్ రాసే ముందు ఈ నెల రోజుల్లో రక్తం ఎక్కించారా అని అడగాలి కదా!

అపోహ: క్రాస్ మ్యాచ్ (దాత రక్తం, పేషెంట్ రక్తం కలిపి చూసే పరీక్ష) కలిసింది, భయం లేదు.

ఇంతకుముందు ఎక్కించిన రక్తం మీద ఒళ్లు తయారుచేసుకున్న పాత యాంటీబాడీలు కొన్నాళ్లకు పరీక్షకు అందనంతగా తగ్గిపోతాయి, అదే రకం రక్తం మళ్లీ తగిలితే విజృంభిస్తాయి. కొందరిలో యాంటీబాడీ అసలే దొరకదు, కాబట్టి వాటిని వెతికే కూంబ్స్ పరీక్ష నెగటివ్ వచ్చినా రియాక్షన్ లేదనుకోవద్దు. మొదటిసారి ఎక్కించకముందే బ్లడ్ గ్రూపుతో పాటు ఎర్రకణాల మీదుండే సీ, ఈ, కెల్ యాంటిజెన్‌లు (గుర్తులు) కూడా కలిపి చూస్తే ముప్పు చాలా తగ్గుతుంది. నల్లగొండలో ఒకసారి, హైదరాబాద్‌లో ఇంకోసారి ఎక్కించుకునేవాళ్లు ఏ యాంటీబాడీ దొరికిందో కార్డు మీద రాయించుకుని దగ్గర పెట్టుకోవాలి.

అపోహ: సొంత అన్నదమ్ముల రక్తమే మంచిది.

కాదు. దగ్గరి బంధువుల రక్తంతో అరుదుగా ప్రాణాంతకమైన రియాక్షన్ వస్తుంది, పైగా రేపు అన్న ఎముక మూలుగే మార్పిడికి కావాల్సి వస్తే ఇప్పుడు ఎక్కించిన అతని రక్తమే అడ్డు కావచ్చు. అన్న వస్తే తప్పకుండా తీసుకుంటాం, ఇంకొకరికి వాడతాం.