తాగిన మర్నాడు షుగర్ తగ్గితే మంచిదేనా? మద్యం, మధుమేహం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో మధుమేహ వైద్యుడిగా నేను మద్యం గురించి అడిగినప్పుడు ఎక్కువగా వినిపించే జవాబు "ఎప్పుడైనా దావత్‌లో, డాక్టర్ గారూ" అన్నదే. మరికాస్త మాట్లాడిస్తే, ఆ అలవాటుకు అండగా నిలిచిన నమ్మకాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

అపోహ: మందు తాగితే షుగర్ తగ్గుతుంది.

వాస్తవం: రాత్రి తాగి, మర్నాడు పరగడుపున గ్లూకోమీటర్‌లో తక్కువ అంకె చూసినవారు ఈ మాటను గట్టిగా నమ్ముతారు. ఆ అంకె నిజమే కావచ్చు గాని, దానికి వారు చెప్పుకునే అర్థం సరికాదు. మనం ఏమీ తినని వేళల్లో రక్తానికి గ్లూకోజ్ అందించే బాధ్యత కాలేయానిది. ఒంట్లో ఆల్కహాల్ ఉన్నంతసేపూ అది దాన్ని వదిలించే పనిలో పడి, కొత్తగా గ్లూకోజ్ తయారుచేయడం తగ్గిస్తుంది. అంటే తగ్గింది వ్యాధి కాదు, సరఫరా. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారు సరిగా తినకుండా తాగితే, కొన్ని గంటల తరువాత, నిద్రలో కూడా, షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబడే మాట చూసి ఇంట్లోవారు మత్తేననుకుని పడుకోబెట్టడం దీనిలోని అసలు అపాయం.

అపోహ: మితంగా తాగితే షుగర్ రాదని పరిశోధనలే చెబుతున్నాయి.

వాస్తవం: 38 అధ్యయనాలను, 19 లక్షలకు పైగా వ్యక్తుల వివరాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2015లో 'డయాబెటిస్ కేర్' పత్రికలో వచ్చింది. రోజుకు 10-14 గ్రాముల ఆల్కహాల్ తీసుకునేవారిలో టైప్ 2 మధుమేహం ముప్పు 18 శాతం తక్కువగా, 63 గ్రాములు దాటినవారిలో ఎక్కువగా కనిపించింది. ప్రచారమైంది ఈ మొదటి సగమే. ఆ తగ్గుదల స్త్రీలకే పరిమితమై ఉండవచ్చని, ఆసియా ప్రజలపై జరిగిన అధ్యయనాల్లో అది లేదని, జీవితంలో ఎన్నడూ తాగనివారితో పోల్చిన అధ్యయనాల్లోనూ కనబడలేదని అదే వ్యాసం చెప్పింది. జబ్బు చేసి తాగుడు మానేసినవారిని కూడా 'తాగనివారి' లెక్కలో కలిపితే, తాగేవారే ఆరోగ్యవంతులుగా తేలడంలో వింతేముంది?

ఇక మితం సంగతి. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులోనే దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 61 గ్రాములు. మనవాళ్లు "ఒక్క క్వార్టరే కదా" అనేది ఆ 63 గ్రాముల గీతకు ఆనుకునే ఉంది.

అపోహ: బీరు, కల్లు తేలికైనవి.

వాస్తవం: 5 శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసా పైన చెప్పిన పెగ్గును మించుతుంది. కల్లు పులిసేకొద్దీ అందులోని చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది. పులియని నీరాలో ఆల్కహాల్ లేకపోయినా చక్కెర దండిగా ఉంటుంది కాబట్టి, హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులోని నీరా కేఫ్‌కు వెళ్లి తాగినా షుగర్ ఉన్నవారు దాన్ని లెక్కలో వేసుకోవలసిందే.

అపోహ: సోడాతో తాగితే ఒళ్లు రాదు.

వాస్తవం: గ్రాము ఆల్కహాల్‌కు 7 కిలో కేలరీలు, అంటే క్వార్టర్‌కు 400 పైమాటే. మంచింగ్, అర్ధరాత్రి బిర్యానీ దీనికి అదనం.

అపోహ: తాగుడుతో పాడయ్యేది కాలేయమే.

వాస్తవం: ఏళ్ల తరబడి అతిగా తాగేవారిలో కొందరికి క్లోమం (పాంక్రియాస్) పదేపదే వాచి, చివరకు గట్టిపడుతుంది, పొగతాగే అలవాటు కూడా ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. అప్పుడు ఇన్సులిన్ తయారుచేసే కణాలతో పాటు, పడిపోతున్న షుగర్‌ను పైకి లేపే గ్లూకగాన్ కణాలు కూడా నశిస్తాయి కనుక, ఈ రకం మధుమేహంలో షుగర్ ఒకపూట ఆకాశంలో, మరోపూట పాతాళంలో ఉంటుంది. దీన్ని టైప్ 3సి అంటారు. టైప్ 2గా పొరబడి మాత్రలతోనే కాలం గడిపే ప్రమాదం ఉంది. పైకడుపులో మొదలై వీపుకు పాకే నొప్పి, జిడ్డుగా అయ్యే విరేచనాలు, కారణం తెలియకుండా బరువు తగ్గడం ఉన్నవారు ఎంత తాగుతారో, ఎన్నేళ్లుగా తాగుతున్నారో దాచకుండా చెబితే, క్లోమానికి స్కానింగ్ చేయించాలన్న ఆలోచన వైద్యుడికి సకాలంలో వస్తుంది.