అసోసియేషన్ పదవి వస్తే ఓడీ వచ్చినట్టేనా? హెచ్‌ఎంల అపోహలు – వాస్తవాలు

మన హైస్కూలు హెచ్‌ఎంల (ప్రధానోపాధ్యాయుల) సంఘం జిల్లా కమిటీ ఎన్నికల తేదీ ప్రకటించారంటే నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. కొత్తగా ప్రమోషన్ మీద హెచ్‌ఎం అయినవాళ్లే ఎక్కువగా చేస్తారు. "సార్, సెక్రటరీగా నిలబడమంటున్నారు. గెలిస్తే ఓడీ ఉంటుందట కదా?" ఓడీ అంటే ఆన్ డ్యూటీ, సంఘం పని మీద వెళ్లిన రోజునూ డ్యూటీగానే లెక్కించడం. డివిజన్ నుంచి జిల్లా దాకా ఈ సంఘంలో పనిచేసినవాణ్ణని నన్ను అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు. ఎవరు చెప్పారంటే "అందరూ అంటున్నారు" అంటారు, జీవో చదివారా అంటే మాత్రం జవాబుండదు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఈవోటీ, జీవోటీ అనే డిపార్ట్‌మెంటల్ పరీక్షలు రాసి పాసై ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లం. మన సొంత విషయానికి వచ్చేసరికి స్టాఫ్‌రూమ్ కబుర్లు నమ్మితే ఎలా?

అపోహ: పదవి వస్తే ఓడీ వస్తుంది

రాదు. ఈ ఒక్క అపోహ వల్ల పోయినంత డబ్బు, మనశ్శాంతి మిగతా అన్నిటివల్లా కలిపినా పోలేదు. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

1994 నాటి జీవో 470 ప్రకారం గుర్తింపు పొందిన సంఘాల రాష్ట్ర, జిల్లా స్థాయి ముఖ్య బాధ్యులకు ఏడాదికి 21 రోజుల వరకు స్పెషల్ క్యాజువల్ లీవ్ ఉంది. అది సెలవే గాని ఓడీ కాదు. ముందుగా దరఖాస్తు పెట్టి మంజూరు చేయించుకోవాలి. కార్యవర్గంలో పేరున్న ప్రతి ఒక్కరికీ అది వర్తించదు. టీచర్లందరికీ ఉండే 15 సీఎల్ (క్యాజువల్ లీవ్), 7 స్పెషల్ సీఎల్‌కు దీనికి సంబంధం లేదు. రెండూ ఒకటేననుకుని లెక్క తప్పినవాళ్లను చూశాను.

జరిగేది ఏమిటంటే, విజయవాడలో రాష్ట్ర కౌన్సిల్ మీటింగ్ ఉంటుంది. మరుసటి రోజు హెచ్‌ఎం వచ్చి, హాజరు రిజిస్టర్లో సంతకం పెట్టాల్సిన గడిలో ఎర్ర ఇంకుతో "ఓడీ" అని రాసుకుంటారు. పక్కన ప్రొసీడింగ్స్ నంబరు ఉండదు, పై అధికారి అనుమతి ఉండదు. ఆ రోజుకు ఎవరూ ఏమీ అనరు. ఏళ్ల తర్వాత ఆడిట్ పార్టీ వచ్చి ఆ గడి మీద వేలు పెడుతుంది. "ఏ ఉత్తర్వు మీద?" అని అడిగితే మన దగ్గర ఏముంటుంది?

నాకు ఆప్తుడైన ఒక హెచ్‌ఎంకు సరిగ్గా రిటైర్మెంట్ ముందు ఇదే ఎదురైంది. సంఘం కోసం నిజంగా తిరిగిన మనిషి. ఎంతమంది పీఎఫ్ బిల్లులు, మెడికల్ బిల్లులు కదిలించి పెట్టాడో లెక్కలేదు. పెన్షన్ పేపర్లు పంపేటప్పుడు ఆ పాత ఓడీ రోజులన్నీ రెగ్యులరైజ్ కాలేదని తేలింది. మా ఇంట్లో ఎస్సార్ (సర్వీస్ రిజిస్టర్) ముందు పెట్టుకుని, పాత మీటింగ్ నోటీసుల కోసం ఫైళ్లు వెతుకుతూ రాత్రంతా కూర్చున్నాం. దొరికినవి కొన్నే. మిగతా రోజులను ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్)లో కోయించుకోవాల్సి వచ్చింది. టీచర్లకు ఏడాదికి జమయ్యేవి 6 ఈఎల్‌లే. రిటైరయ్యేటప్పుడు అందులో ఒక్కొక్కటీ ఒక రోజు జీతం. "ఓడీ ఉంటుంది, రాసేసుకో" అని ఆయనకు చెప్పినవాళ్లలో ఆ రాత్రి ఒక్కరూ లేరు.

కాబట్టి మీటింగ్ నోటీసు జత చేసి ముందురోజే దరఖాస్తు ఇవ్వండి. మంజూరు కాపీ ఒకటి స్కూలు ఫైల్లో, ఇంకొకటి ఇంట్లో పెట్టుకోండి. ఎన్ని రోజులు వాడారో ఒక పేజీలో రాసుకుంటూ ఉండండి. 21 దాటితే మీ సీఎల్ వాడుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ముఖం చూపించి యాప్‌లోనే హాజరు వేస్తున్నాం. ఎర్ర ఇంకు రోజులు ఎటూ పోయాయి.

ఇందులోనే ఇంకో ప్రమాదం ఉంది. హెచ్‌ఎం అంటే డీడీవో, అంటే స్కూలు జీతాలు, బిల్లులు డ్రా చేసే అధికారి కూడా. మీటింగ్ హడావుడిలో బిల్లుల లాగిన్ పాస్‌వర్డు జూనియర్ అసిస్టెంటుకో, సీనియర్ టీచరుకో చెప్పేసి బస్సెక్కేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ లాగిన్ నుంచి వెళ్లిన ప్రతి రూపాయికీ జవాబు చెప్పాల్సింది మీరే. ఎంత నమ్మకస్తులైనా సరే, పాస్‌వర్డు ఇవ్వకండి.

అపోహ: రిజిస్ట్రేషన్ ఉంటే గుర్తింపు ఉన్నట్టే

ఇవి రెండూ వేర్వేరు. 2001 సొసైటీల చట్టం కింద ఎవరైనా సంఘం రిజిస్టర్ చేయించుకోవచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఇచ్చేది వేరే నిబంధనల ప్రకారం. పైన చెప్పిన 21 రోజులు గుర్తింపు ఉన్న సంఘాలకే. పోటీకి దిగే ముందు గుర్తింపు ఉత్తర్వు చూపించమని అడగండి. గుర్తింపు లేకపోతే ఆ సంఘంలో పనిచేయకూడదని కాదు, సొంత సెలవులు పెట్టుకుని పనిచేయాలంతే.

అపోహ: నాయకుడైతే మెమో రాదు, బదిలీ తగలదు

1964 ప్రవర్తనా నియమావళి అధ్యక్షుడికీ అంతే, సభ్యుడికీ అంతే. బదిలీల్లో సంఘ బాధ్యులకు అదనపు పాయింట్లు ఇచ్చే పద్ధతి ఉన్న మాట నిజమే. కానీ 2023లో తెలంగాణ హైకోర్టు ఆ 10 పాయింట్లను ఒప్పుకోలేదు. ఆ పాయింట్ల కోసమే పదవి అంటే, ఆ ఓటు వేరేవాళ్లకు పడటమే మంచిది.

అపోహ: ఇది ఎమ్మెల్సీకి మెట్టు

టీచర్ల నియోజకవర్గంలో ఓటు ఉండేది హైస్కూలు, ఆపై స్థాయి సంస్థల్లో గత ఆరేళ్లలో కనీసం మూడేళ్లు బోధించినవాళ్లకే. పోటీ చేయడానికి టీచరే కానక్కర్లేదు. పైగా సర్వీసులో ఉండి నిలబడలేం, ఉద్యోగం వదులుకోవాలి. పిల్లల చదువులు, ఇంటి లోను మధ్యలో ఉన్నవాళ్లు ఈ కబుర్లకు ఉబ్బిపోవద్దు.

అపోహ: మేడంలకు ఈ తిరుగుళ్లు కుదరవు

ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. మొన్న ఒక మేడం ఫోన్ చేశారు. మెల్లగా, భయంభయంగా మాట్లాడారు. "కోశాధికారిగా వేయమన్నారు సార్. ఓడిపోతే స్కూల్లో పరువు పోదా?" పోదమ్మా అన్నాను. ఒకటో తారీఖుకు జీతం బిల్లు పడిందా, ఇంక్రిమెంటు టైముకు వేశారా అన్నదే స్టాఫ్ చూస్తారు. ఆవిడ తన స్కూల్లో మధ్యాహ్న భోజనం లెక్కలు ఏ రోజువి ఆ రోజే పూర్తి చేస్తారని నాకు తెలుసు. రసీదు పుస్తకాలు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆడిట్ అన్నీ సక్రమంగా పెట్టే కోశాధికారి దొరికితే ఏ సంఘానికైనా అంతకన్నా ఏం కావాలి? సాయంత్రం ఆరు దాటాక మీటింగులు పెట్టి, ఆడవాళ్లు రావట్లేదని మనమే నింద వేస్తున్నాం. ఆదివారం పొద్దున పెట్టి చూస్తే తెలుస్తుంది ఎంతమంది వస్తారో.

ఆవిడకు చెప్పిందే మిగతా అందరికీ చెబుతున్నాను. నామినేషన్ ఫారం నింపే ముందు ఈ ఏడాది సభ్యత్వ రసీదు చేతిలో ఉందో లేదో చూసుకోండి. ఓటరు జాబితాలో మీ పేరు, ప్రతిపాదించేవారి పేరు, బలపరిచేవారి పేరు మూడూ ఉన్నాయా చూడండి. బైలా కాపీ అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి.