సేఫ్టీ వాల్వు బుస కొడితే పారిపోకండి: ఆవిరి ఇంజన్లపై అపోహలు - వాస్తవాలు

"ఏమండీ, పేలుతుందేమో, ఇటు వచ్చేయండి!" అంటూ మా ఆవిడ మనవణ్ణి చంకనేసుకుని పరుగెత్తింది. 2019 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో, టారంట్ హింటన్ పొలాల్లో జరిగిన ముచ్చట ఇది. 1969లో మొదలైన గ్రేట్ డోర్సెట్ స్టీమ్ ఫెయిర్ చూపిస్తానని మా అబ్బాయి తీసుకెళ్లాడు. ఎదురుగా ఒక ట్రాక్షన్ ఇంజను (రోడ్ల మీద, పొలాల్లో తిరిగే ఆవిరి బండి) సేఫ్టీ వాల్వు ఎత్తి, బుస్సుమని ఆవిరి చిమ్మింది, అంతే. చక్కెర ఫ్యాక్టరీలో 31 ఏళ్లు బాయిలర్ అటెండెంటుగా చేసినవాడి భార్యే ఇలా పరుగెడితే, ఇక ఇతరుల సంగతి చెప్పాలా!

అపోహ: వాల్వు మోగితే బాయిలర్ పేలబోతోంది.

వాస్తవం: మోగిందంటే అది ఎక్కువైన ఆవిరిని వదిలి తన పని తాను చేస్తోంది. ప్రెజరు గేజీ ముల్లు ఎర్రగీత దాటినా వాల్వు నోరు మెదపకపోతే అప్పుడు భయపడండి.

అపోహ: ప్రెజరు సరిగా ఉంటే అంతా క్షేమమే.

ప్రాణాలు తీసేది ఈ నమ్మకమే. ఫైర్‌బాక్స్ (బాయిలర్‌లో మంట మండే పెట్టె) పైరేకు మీద నీళ్లున్నంత వరకు మంట ఎంత ఉన్నా రేకు కాలిపోదు. చదరపు అంగుళానికి 150 పౌండ్ల ప్రెజరులో నీటి వేడి దాదాపు 185 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. నీరు దిగితే అదే రేకు ఎర్రగా కాలి, మెత్తబడి, ప్రెజరుకు లోపలికి కుంగిపోతుంది. అప్పటికీ ముల్లు చక్కగానే ఉంటుంది!

డోర్సెట్‌లో ఇంజన్లు బరువులు లాగుతూ గుట్ట ఎక్కడం చూశాను. ట్రాక్షన్ ఇంజనుకు ఫైర్‌బాక్స్ వెనక ఉంటుంది. ఎక్కేటప్పుడు నీరు వెనక్కి చేరి, నీటిమట్టం చూపించే గేజ్ గ్లాసులో ఎక్కువగా కనిపిస్తుంది. గుట్ట దాటి దిగగానే ముందుకు పారి, పైరేకు బయటపడుతుంది. అందుకే తెలిసిన డ్రైవరు శిఖరానికి ముందే ఇంజెక్టరు (బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించే పరికరం) తిప్పి నీళ్లు నింపుకుంటాడు.

మా ఫ్యాక్టరీలో ఒక రాత్రి షిఫ్టులో కొత్త కుర్రాడు, "సగం గ్లాసు ఉందండీ" అన్నాడు. వెళ్లి చూస్తే గ్లాసులో నీరు కదలడం లేదు. నడుస్తున్న బాయిలర్‌లో నీరు కాస్తయినా ఊగాలి. కింది కాక్ తెరిచాను. గ్లాసు ఖాళీ అయింది, మళ్లీ నిండలేదు. అడుగున మడ్డి పేరుకుని దారి మూసుకుంది. వెంటనే పొయ్యిలోకి వెళ్లే చెరకు పిప్పి ఆపించి, ఫ్యాన్లు కట్టేశాం. క్రషింగ్ ఆగిందని పైవాళ్లు తిట్టారు. తిట్టనీ, మేమందరం ఇంటికి నడిచి వెళ్లాం.

అపోహ: నీళ్లు కనిపించకపోతే వెంటనే పంపు పెట్టాలి.

వద్దు, వద్దు, వద్దు! ముందు మంటను చంపండి. ఎర్రగా కాలిన రేకు మీద నీళ్లు పోసి ఏమవుతుందో చూడటం మన పని కాదు. మంట ఆరాక దానంతట అదే చల్లారనివ్వాలి.

2001 జూలై 29న అమెరికాలోని ఒహాయోలో, మెడీనా జిల్లా సంత మైదానంలో ఒక ట్రాక్షన్ ఇంజను పేలి ఐదుగురు చనిపోయారు. నీరు తగ్గింది, రేకు కూడా పలచబడి ఉంది. పాతదని భయపడటం కాదు, రేకు మందం కొలిచారా, ఫ్యూజిబుల్ ప్లగ్గు (నీరు తగ్గితే కరిగి హెచ్చరించే బిరడా) తీసి చూశారా అని అడగండి.

మిగతావి చిన్నవి. నల్లపొగ బలానికి గుర్తు కాదు, బొగ్గు సరిగా కాలడం లేదని అర్థం. పొద్దున్నే స్విచ్చు వేస్తే కదిలే బండి కాదు, చల్లటి బాయిలర్ ఆవిరి పట్టడానికి గంటలు కావాలి. ఇవి పట్టాల మీద బండ్లు కావు. పొలం దున్నినవీ, కంకులు నూర్చినవీ, సంతల్లో డైనమో తిప్పి దీపాలు వెలిగించినవీ ఇవే.

ఒక ముసలి డ్రైవరు మనవణ్ణి పైకి ఎక్కించుకున్నాడు. గేజ్ గ్లాసు వెనక నలుపూ తెలుపూ ఏటవాలు చారలు ఉన్నాయి. నీరున్నంత మేర ఆ చారలు ఎదురువైపుకి వాలినట్టు కనిపిస్తాయి. దాంతో నీరు నిండిందో, ఖాళీయో ఇట్టే తెలుస్తుంది. వాడు వేలు పెట్టి చూపిస్తూ, "తాతయ్యా, ఇక్కడిదాకా వంకర!" అన్నాడు.

తర్వాత ఇంకో ఇంజను దగ్గరికి వెళ్లబోతుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి అడిగింది: "ఇందులో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయండీ?"