టిప్పర్ పెడల్ కింద తక్కెడ

పాలిటెక్నిక్ చదివే కుర్రాడొకడు అడిగాడు: "టిప్పర్ ట్యాంకులో 8 బార్ల దాకా గాలి ఉంటుంది కదా. బ్రేకు పెడల్ కాస్త తొక్కినా వాల్వ్ తెరుచుకున్నట్టే. మరి ఆ గాలంతా ఒక్కసారే దూసుకెళ్లి చక్రాలను పట్టెయ్యదేం?"

భలే ప్రశ్న. క్లాసులో పెడల్ కింద ఉండే ఈ వాల్వ్‌కి ఫుట్ వాల్వ్ అని ఒక డబ్బా గీసి ముందుకెళ్లిపోతారు. అసలు కథంతా ఆ డబ్బాలోనే ఉంది. కంప్రెసర్, పైపుల సంగతి ఇక్కడ వదిలేద్దాం.

ఫుట్ వాల్వ్‌ని కుళాయి అనుకుంటేనే చిక్కు. అది తక్కెడ. ఒక పళ్లెంలో మన కాలి బలం, రెండోదాంట్లో గాలి. పెడల్‌కీ పిస్టన్‌కీ మధ్య ఒక స్ప్రింగు ఉంటుంది, కొన్నిటిలో రబ్బరు ముద్ద. తొక్కితే అది నలుగుతూ పిస్టన్‌ను కిందికి దించుతుంది. పిస్టన్ ముందు ఎగ్జాస్ట్ దారి, అంటే బ్రేకుల గాలి బయటికి పోయే దారి మూసి, ఆ తర్వాతే ట్యాంకు దారి తెరుస్తుంది. బ్రేకులకు వెళ్లే గాలి పిస్టన్ అడుగుకీ చేరి, దాన్ని పైకి తోస్తుంది. ఆ తోపు స్ప్రింగు బలానికి సరితూగగానే పిస్టన్ కొద్దిగా లేస్తుంది, ట్యాంకు దారి మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ ఇంకా మూసే ఉంది. ముల్లు నిటారుగా నిలిచింది!

ఇంకాస్త తొక్కితే కాలి పళ్లెం బరువెక్కి, సరిపడా గాలి మళ్లీ వెళ్తుంది. సగం వదిలితే గాలి పళ్లెం బరువై పిస్టన్ లేస్తుంది, ఎక్కువైనంత గాలి ఎగ్జాస్ట్ నుంచి తుస్సుమంటుంది. చాంబర్ (చక్రం దగ్గర గాలి తోపుతో బ్రేకు వేసే డబ్బా) దగ్గర చిన్న లీకున్నా, తగ్గినంత గాలిని తక్కెడే పోసేస్తుంది. అందుకే లీకు కాలికి తెలియదు, గేజిలోనే కనబడుతుంది.

వెనక ఇరుసు దూరం. గాలి అక్కడిదాకా వెళ్లి చాంబర్లు నింపేసరికి ఆలస్యమవుతుంది. కాబట్టి అక్కడ రిలే వాల్వ్ అనే రెండో తక్కెడ పెట్టారు. దీనికి ఫుట్ వాల్వ్ పంపే కొద్దిపాటి గాలే కాలు. చాంబర్లను నింపే అసలు గాలిని రిలే పక్కనున్న ట్యాంకు నుంచి, పెద్ద రంధ్రాల గుండా తీసుకుంటుంది. చాంబర్‌లో ఉండే 30 చదరపు అంగుళాల డయాఫ్రం (రబ్బరు పొర) మీద 100 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 100 పౌండ్ల ఒత్తిడి పడితే 3000 పౌండ్ల తోపు, అంటే సుమారు 1360 కిలోలు. కాలికి మాత్రం స్ప్రింగు బిగువే తెలుస్తుంది.

పార్కింగ్ బ్రేకుది తిరగేసిన లెక్క. బలమైన స్ప్రింగు బ్రేకు వేస్తుంది, గాలి దాన్ని వెనక్కి నొక్కి పట్టి వదిలిస్తుంది. గాలి పోతే బండి ఆగాలి. స్ప్రింగు లేకపోయినా, జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లో ట్రిపుల్ వాల్వ్‌తో రైళ్లకు తెచ్చిన ఆలోచన కూడా ఇదే.

బంపర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు మర్చిపోకుండా కట్టేవాళ్లలో కొందరు ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదలడం మాత్రం మర్చిపోతారు. ఆ నీళ్లు, కంప్రెసర్ ఆయిలు కలిసిన జిగురు వాల్వులో చేరితే పిస్టన్ పట్టేస్తుంది. పట్టేసిన తక్కెడ సరిగ్గా తూచదు. నిమ్మకాయ దాన్ని బాగుచెయ్యదు.

ఘాట్ దిగేటప్పుడు పెడల్ పదే పదే కొట్టడం ఎందుకు మంచిది కాదో కూడా ఈ తక్కెడే చెబుతుంది. తొక్కి పట్టినంతసేపు, లీకు లేకపోతే, గాలి ఖర్చవదు. పూర్తిగా వదిలిన ప్రతిసారీ చాంబర్లలో ఉన్నదంతా బయటికి పోతుంది. కంప్రెసర్ అందుకోలేకపోతే గేజి దిగుతుంది, బజర్ మోగుతుంది. అప్పటికీ ఆపకపోతే స్ప్రింగు బ్రేకులు వాటంతట అవే అంటుకోవడం మొదలవుతుంది. అలాగని తొక్కిపట్టే దిగితే డ్రమ్ములు కాలిపోతాయి. దిగకముందే చిన్న గేరులో వేసుకుని, వేగాన్ని ఇంజనుకే అప్పగించాలి.